మా రెసిడెంట్లు మాకు 160కి 78 వేశారు. అతిగా చెబుతున్నారా?

ప్రశ్న: నేను ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌ని. మా విభాగంలో రెసిడెంట్ల, అంటే పీజీ చేస్తున్న డాక్టర్ల, శిక్షణ బాధ్యత నాదే. ఏడాదికి ఏడుగురు చొప్పున మొత్తం 21 మంది ఉన్నారు. ఈమధ్య పేర్లు రాయనక్కర్లేదని చెప్పి వాళ్లచేత శిక్షణ వాతావరణం ఎలా ఉందో కొలిచే ఫీమ్ (PHEEM) ప్రశ్నాపత్రం నింపించాం. 160కి సగటున 78 వచ్చింది. బోధనకు 60కి 38, రెసిడెంట్ పాత్ర, స్వేచ్ఛకు 56కి 24, తోడ్పాటుకు 44కి 16. మొదటి ఏడాది వాళ్ల సగటు 64, చివరి ఏడాది వాళ్లది 92. ఆఫీసులో తయారుచేసిన షీట్‌లో 4కి 2 కంటే తక్కువ వచ్చినవి ఎర్రరంగులో ఉన్నాయి: 'జాతి వివక్ష ఉంది' 0.6, 'లింగ వివక్ష ఉంది' 1.6, 'తప్పు జరిగితే నిందించని వాతావరణం ఉంది' 1.1. ఆ వివక్ష అంకెలు చూశాక నాకు నిద్ర పట్టడం లేదు. 'నాకు తగని పనులు చేయాల్సి వస్తోంది' 3.2, 'అనవసరంగా పిలుస్తుంటారు' 2.8 మాత్రం ఆకుపచ్చలో ఉన్నాయి. కాగితాల అడుగున చాలామంది 'రిపోర్టుల వెంట తిరగడంతోనే రోజు అయిపోతోంది' అని రాశారు. మా సహోద్యోగుల్లో ఒకరు 'మేం 36 గంటల డ్యూటీలు చేశాం, ఈ పిల్లలు మరీ సున్నితం' అంటారు. ఇంకొకరు 'చివరి ఏడాదికి అలవాటు పడిపోతున్నారుగా' అంటారు. ఈ కాగితం అసలు బయటపెట్టొద్దని మూడోవారి సలహా. వాళ్లు నిజంగా అతిగా చెబుతున్నారా? ఈ ఫలితాన్ని ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

డాక్టర్ గారూ,

ముందు ఒక లెక్క సరిచూడాలి. లేకపోతే మీరు తప్పుడు చోట మొదలుపెడతారు.

ఫీమ్‌ను సూ రాఫ్, ఆమె సహచరులు బ్రిటన్‌లోని జూనియర్ డాక్టర్ల కోసం తయారుచేసి 2005లో ప్రచురించారు. అందులో 40 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి 'అస్సలు ఒప్పుకోను' అంటే 0, 'పూర్తిగా ఒప్పుకుంటాను' అంటే 4. వీటిలో 36 వాక్యాలు మంచిని చెప్పేవి, నాలుగు చెడును చెప్పేవి. జాతి వివక్ష, లింగ వివక్ష, తగని పనులు, అనవసరపు పిలుపులు, ఇవే ఆ నాలుగు. వీటికి మార్కును తిరగేసి లెక్కలోకి తీసుకోవాలి: 4 వేస్తే 0, 3 వేస్తే 1. మీ ఆఫీసువాళ్లు ఆ పని చేసినట్టు లేదు. 'తగని పనులు' ఆకుపచ్చలో ఉండటానికీ, అదే కాగితం అడుగున రిపోర్టుల వెంట తిరుగుతున్నామని రాయడానికీ పొంతన కుదరదు కదా. అసలు కాగితాలు తీసి ఒకసారి చూడండి.

నేననుకున్నదే నిజమైతే, జాతి వివక్షకు వచ్చిన 0.6 నిజానికి 3.4. అంటే దాదాపు అందరూ 'లేదు' అన్నారు. దాని గురించి మీరు నిద్ర మానుకోనక్కర్లేదు. తగని పనుల 3.2 మాత్రం 0.8 అవుతుంది. పిలుపుల 2.8 కాస్తా 1.2 అవుతుంది. లింగ వివక్ష 1.6 నుంచి 2.4కి వస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇంత మారినా మొత్తం మార్కు అర మార్కు కూడా కదలదు, 78 దగ్గరే ఉంటుంది. మారేది లోపలి లెక్క. పనులు, పిలుపులు పాత్ర విభాగంలోకి వస్తాయి కాబట్టి అక్కడి 24 కాస్తా 20కి పడిపోతుంది. వివక్ష ప్రశ్నలు రెండూ తోడ్పాటు విభాగంలోవి, అక్కడి 16 దాదాపు 20 అవుతుంది. షీట్‌ను నమ్ముకుని ఉంటే మీరు తోడ్పాటు దగ్గర మొదలుపెట్టి ఒక కౌన్సెలర్‌ని పెట్టేవారు, ఒక విహారయాత్ర వేసేవారు. అసలు నొప్పి మాత్రం రెసిడెంట్ రోజంతా చేసే పనిలో ఉంది.

మొత్తం మార్కు గురించి కూడా ఒక మాట. ఫీమ్ లెక్కలో 41 నుంచి 80 దాకా 'సమస్యలు చాలా ఉన్నాయి', 81 నుంచి 120 దాకా 'చెడుకన్నా మంచి ఎక్కువ, మెరుగుపడాల్సింది ఉంది' అని అర్థం. మూడు మార్కులు కలిస్తే గీత దాటుతామని మీ సహోద్యోగులెవరైనా అనవచ్చు. 21 మంది సగటులో ఆ మూడు మార్కులకు పెద్ద విలువ లేదు. 78 అయినా 82 అయినా మీరు చేయాల్సిన పని ఒక్కటే.

ఇక వాళ్లు అతిగా చెబుతున్నారా అన్న ప్రశ్న. లేదు. మీ దగ్గరున్న అంకెలే ఆ మాట చెబుతున్నాయి. కోపంతో నింపిన కాగితమైతే అన్నింటికీ సున్నాలు పడేవి. వాళ్లు బోధనకు 60కి 38 వేశారు. 31 నుంచి 45 మధ్య ఉంటే 'సరైన దారిలో ఉంది' అని అర్థం. అంటే ఆ పిల్లలు మీ చదువును, మీ శ్రమను గుర్తించారు. ఏది బాగుందో ఏది బాగాలేదో విడదీసి చెప్పగలిగినవాళ్ల మాట నమ్మదగ్గది. నొప్పి ఎంత ఉందో పది మార్కుల్లో చెప్పమని రోగిని మనమే అడుగుతాం. ఎనిమిది అంటే, 'మా రోజుల్లో ఇంతకంటే పెద్ద నొప్పులు ఓర్చుకున్నాం' అని కేస్‌షీట్లో మూడు రాసుకోం. ఈ కాగితాన్ని కూడా అలాగే చూడమని మీ సహోద్యోగులను అడగండి.

నేర్పేవాళ్లకు ఒకలా, నేర్చుకునేవాళ్లకు ఇంకోలా కనిపించడం మీ ఒక్క విభాగంలోనే ఉన్న సంగతి కాదు. అమెరికాలో 63 ఇంటర్నల్ మెడిసిన్ శిక్షణ కార్యక్రమాలను రెండు జట్లుగా చేసి ఐకంపేర్ అనే పెద్ద పరిశోధన జరిపారు. ఒక జట్టులో షిఫ్టుల నిడివి మీద గట్టి పరిమితి, ఇంకో జట్టులో వెసులుబాటు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, వెసులుబాటు ఉన్న చోట ఇంటర్న్‌లు (అక్కడ మొదటి ఏడాది రెసిడెంట్లను అలా అంటారు) తమ చదువు మీద, క్షేమం మీద ఎక్కువ అసంతృప్తి చెప్పారు. అదే చోట కార్యక్రమాలు నడిపే డైరెక్టర్లకు మాత్రం అసంతృప్తి తక్కువ. ఆసుపత్రి అదే, నియమం అదే. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. డైరెక్టర్‌కు కనిపించేది రోగిని మొదటి నుంచి చివరిదాకా ఒకే డాక్టర్ చూడటం. ఇంటర్న్‌కు తెలిసేది ఆ చివరి ఆరు గంటలు ఎలా గడిచాయన్నది.

36 గంటల డ్యూటీలు చేసిన మీ సహోద్యోగి మీద నాకు గౌరవం ఉంది. ఆయన పడిన కష్టం నిజం. దాంట్లోంచి ఆయన తేల్చిన సంగతితోనే నాకు పేచీ. 1984 మార్చిలో న్యూయార్క్‌లో లిబీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసుకున్నది రెసిడెంట్లు. సీనియర్ డాక్టర్ ఫోన్లో మాత్రమే అందుబాటులో ఉన్నారు. ఆ తర్వాత వేసిన బెల్ కమిషన్ సిఫారసులతో న్యూయార్క్ రాష్ట్రం 1989లో రెసిడెంట్ల పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేసింది. 2003లో ఆ పరిమితి అమెరికా అంతటా వచ్చింది. ఐరోపా సమాఖ్యలో అది 48 గంటలే. 2004లో ఐసీయూ ఇంటర్న్‌ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, పాత పద్ధతి దీర్ఘ షిఫ్టుల్లో తీవ్రమైన పొరపాట్లు దాదాపు 36 శాతం ఎక్కువగా కనిపించాయి. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లోనే తేలింది. సున్నితంగా ఉండే పిల్లలకూ గట్టి పిల్లలకూ మెదడు ఒకే రకంగా అలసిపోతుంది.

అయినా మిమ్మల్ని గంటల దగ్గర మొదలుపెట్టమని చెప్పను. డ్యూటీ చార్టు మార్చాలంటే మనుషులు కావాలి, అది మీ ఒక్కరి చేతిలో ఉండదు. పైగా గంటలు తగ్గినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. నేను చెప్పిన ఐకంపేర్‌లోనే రెండు జట్ల రోగుల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బెల్ కమిషన్ కూడా గంటలతోపాటు సీనియర్ల పర్యవేక్షణ గురించి అంత గట్టిగానూ చెప్పింది. జనం గంటల సంగతి గుర్తుపెట్టుకుని ఆ రెండో సగాన్ని మరిచిపోయారు. మీ 56కి 20 ఆ రెండో సగానికి చెందిన అంకె.

ఆ అంకెను కాస్త విప్పి చూద్దాం. ఫీమ్‌లో 'స్వేచ్ఛ' అన్న మాట చూడగానే, 'మరి స్వేచ్ఛ ఇస్తే రోగి ఏమవుతాడు?' అని సీనియర్లు అడుగుతారు. రెసిడెంట్ అడిగేది ఒంటరిగా వదిలేయమని కాదు. రెసిడెంట్ రోజును గంటగంటకూ చూడండి. ఉదయం రౌండ్స్‌లో తన పేషెంట్ దగ్గరే నిలబడి ఉంటుంది. సార్ వస్తారు, చూస్తారు, నిర్ణయం చెబుతారు, ఆమె రాసుకుంటుంది. తనేం అనుకుంటోందో ఎవరూ అడగరు. పదకొండు నుంచి సాయంత్రం దాకా ల్యాబ్‌కు, రేడియాలజీకి, బ్లడ్ బ్యాంకుకు తిరుగుతుంది. ఫారాలు నింపుతుంది. డిశ్చార్జ్ సమ్మరీలు టైపు చేస్తుంది. స్కాన్ డేటు కోసం నాలుగు ఫోన్లు చేస్తుంది. ఇవేవీ డాక్టరే చేయాల్సిన పనులు కావు. అదే అమ్మాయి రాత్రి రెండింటికి, బీపీ పడిపోతున్న రోగి పక్కన ఒక్కతే ఉంటుంది. సార్‌కి ఫోన్ చేయాలా వద్దా అన్న టెన్షన్. చేస్తే 'ఇంత చిన్నదానికా?' అంటారేమో. చేయకపోతే పొద్దున 'ఎందుకు చేయలేదు?' అంటారేమో. పగలంతా గుమాస్తా, రాత్రికి కన్సల్టెంట్. డాక్టర్‌గా ఎదిగేది ఈ రెంటి మధ్య ఉన్న చోట. అది ఆమె రోజులో ఎక్కడా లేదు. 56కి 20 వేసినవాళ్లు చెబుతున్నది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీ వార్డులో వివరాలు వేరుగా ఉండవచ్చు, వాళ్లనే అడిగితే తెలుస్తుంది.

అందుకని మొదటి పని ఇక్కడ చేయండి. ఒక వారంపాటు మొదటి ఏడాది వాళ్లకు ఒక చిన్న కాగితం ఇచ్చి, తమకు వచ్చిన ప్రతి పిలుపునూ, వార్డు బయట తిరిగిన ప్రతి పనినీ ఒక్క లైనులో రాయమనండి. ఇది కూడా ఇంకో చాకిరీ అనిపించకుండా, రౌండ్స్ తర్వాత దానికి పది నిమిషాలు మీరే ఇవ్వండి. వారం తర్వాత ఆ జాబితాలో డాక్టర్ చేయి తప్పనిసరిగా పడాల్సినవి ఒక పక్క, మిగతావి ఒక పక్క వేయండి. రెండో పక్క ఉన్నదాన్ని మీరే స్వయంగా ఆసుపత్రి పాలనాధికారుల దగ్గరకు తీసుకెళ్లండి. రెసిడెంట్ వెళ్లి అడిగితే అది ఫిర్యాదు. విభాగంలో శిక్షణ చూసే ప్రొఫెసర్ లెక్కతో వెళ్తే అది ప్రతిపాదన. అన్నీ తగ్గవు. శాంపిల్స్ మోసే మనిషి ఒక్కరు దొరికినా, రిపోర్టులు వార్డు కంప్యూటర్లోనే కనిపించినా, ఆ తేడా వాళ్లకు మరుసటి రోజే తెలుస్తుంది.

దాంతోపాటు డబ్బు ఖర్చులేని రెండు మార్పులు. రౌండ్స్‌లో మీరు నోరు విప్పేముందు, ఆ రోగిని చూస్తున్న రెసిడెంట్‌ను 'నువ్వయితే ఏం చేస్తావు, ఎందుకు?' అని అడగండి. చెప్పేదాకా ఆగండి. మొదట్లో రౌండ్స్ సాగుతాయి, సాగనివ్వండి. ఇక రాత్రి ఫోన్ సంగతి. ఏయే సందర్భాల్లో సీనియర్‌కు ఫోన్ చేసి తీరాలో ఒక కాగితం మీద రాసి వార్డులో అతికించండి: బీపీ ఇంతకన్నా పడితే, స్పృహలో మార్పు వస్తే, ఐసీయూకు పంపాలనిపిస్తే, ఇంటివాళ్లు గొడవకు దిగితే, మొదటిసారి చేస్తున్న ప్రొసీజర్ అయితే. కింద ఆ వారం ఆన్‌కాల్ కన్సల్టెంట్ సంతకం ఉండాలి. అప్పుడు ఫోన్ చేయడం ధైర్యానికి సంబంధించిన విషయంగా మిగలదు, డ్యూటీలో భాగమవుతుంది.

నిందించని వాతావరణానికి వచ్చిన 1.1 నన్ను బాగా కలవరపెట్టింది. పేరు రాయని కాగితం మీదే ఇలా ఉంటే, నిజంగా మందు డోసు తప్పినప్పుడు వాళ్లు మీకు చెబుతారా? ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి యూనిట్లలో మందుల పొరపాట్లను పరిశీలించింది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంటే, లెక్కలో వాటిలోనే ఎక్కువ కనిపించాయి. కారణం, ఆ జట్లలో పొరపాటును పైకి చెప్పుకోగలిగారు. మిగతాచోట్ల దాచుకున్నారు. మీ మరణాల సమీక్ష సమావేశంలో రెసిడెంట్‌ను నిలబెట్టి ప్రశ్నలు వేసే పద్ధతి ఉంటే దాన్ని ఈ నెలతోనే ఆపేయండి. వచ్చే సమావేశంలో మొదటి కేసు ఒక సీనియర్ది పెట్టండి, ఆయనే లేచి చెప్పాలి. 36 గంటల డ్యూటీలు చేసిన మీ సహోద్యోగి దీనికి ఒప్పుకుంటే అంతకన్నా కావాల్సింది లేదు. ఆయన మాటకు బరువుంటుంది.

చివరి ఏడాది వాళ్లు 92 వేశారు కాబట్టి అలవాటు పడిపోతున్నారన్న వాదన విన్నాను. అలవాటు పడ్డారో లేదో ఆ అంకె చెప్పదు. తిరిగే పనులన్నీ రెండో ఏడాది రాగానే కిందివాళ్ల మీదకు జారిపోతాయి, దాంతో పైవాళ్లకు విభాగం బాగున్నట్టే ఉంటుంది. పైగా ఒకేసారి అడిగిన ప్రశ్నాపత్రంలో 64 వేసినవాళ్లూ 92 వేసినవాళ్లూ వేర్వేరు మనుషులు. 64 వేసినవాళ్లే రెండేళ్ల తర్వాత 92 వేస్తారని ఎక్కడా లేదు. మధ్యలో మానేసి వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల మార్కు ఇందులో పడనే లేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'మేం పడ్డాం, మీరూ పడండి' అన్న మాట ఇప్పటికే మీ చివరి ఏడాది గదిలో వినిపిస్తూ ఉండవచ్చు. రేపటి ప్రొఫెసర్లు వాళ్లే.

లింగ వివక్ష 2.4కి వచ్చిందని ఊపిరి పీల్చుకోవద్దు. అసలు మార్కుల సగటు 1.6 అని రాశారు. పదమూడు మంది 0, ఎనిమిది మంది 4 వేసినా ఇంచుమించు ఇదే సగటు వస్తుంది. సగటు చూడకుండా ఎంతమంది ఏ మార్కు వేశారో చూడండి. 3, 4 వేసినవాళ్లు ఉన్నారంటే అక్కడ ఏదో జరుగుతోంది. వాళ్లెవరో వెతకొద్దు, చేతిరాత పోల్చొద్దు, ఆడవాళ్ల మార్కులు, మగవాళ్ల మార్కులు అని విడదీసి పట్టిక ప్రచురించొద్దు. ఇంత చిన్న బృందంలో పేరు రాయకపోయినా మనిషి తెలిసిపోతుంది. విభాగానికి సంబంధం లేని ఒక సీనియర్ మహిళా డాక్టర్ దగ్గరకో, సంస్థలో ఉన్న ఫిర్యాదుల కమిటీ దగ్గరకో నేరుగా వెళ్లవచ్చని అందరికీ ఒకేసారి, రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన మాట మీ దాకా రావాల్సిన అవసరం కూడా లేదు.

ఈ కాగితం ఎవరి మానసిక స్థితినీ కొలవదన్నది కూడా మీ సహోద్యోగులకు చెప్పండి. 2015లో 54 అధ్యయనాలను కలిపి చూస్తే, రెసిడెంట్లలో 28.8 శాతం మందికి డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నట్టు తేలింది. మీ 21 మందిలోనూ అలాంటివాళ్లు ఉండే అవకాశం ఉంది, మంచి మార్కులు వేసినవాళ్లలోనూ ఉండవచ్చు. రహస్యంగా వెళ్లి కలవగలిగే మానసిక వైద్యుడు ఉండటం, ఆ కలయిక శిక్షణ రికార్డులోకి రాకపోవడం, ఇవి ఫీమ్ మార్కుతో సంబంధం లేకుండా ఉండి తీరాల్సిన ఏర్పాట్లు.

ఇక కాగితం బయటపెట్టాలా వద్దా? బయటపెట్టండి, ముందుగా రెసిడెంట్ల ముందే. రెండు వారాల్లోపు, వాళ్లందరూ రాగలిగే గంట చూసి, ఆ గంట వార్డును కన్సల్టెంట్లకు అప్పగించి. లెక్కలో జరిగిన పొరపాటుతో సహా చూపించండి. సమర్థించుకోవడానికి ఎవరూ లేవకూడదని సీనియర్లతో ముందే మాట్లాడుకోండి. 'ఎవరు రాశారు?' అన్న ప్రశ్న ఆ గదిలో ఒక్కసారి వినిపించినా, వచ్చే ఏడాది మీకు 140 మార్కులు వస్తాయి, ఒక్క నిజం కూడా రాదు. వాళ్లు చెప్పిన వాటిలో ఏది మూడు నెలల్లో మార్చగలరో, ఏది మీ చేతిలో లేదో తేల్చి చెప్పండి. చేతిలో లేనిదాన్ని చేస్తామని చెప్పడం కన్నా, లేదని చెప్పడమే వాళ్లకు నచ్చుతుంది. ఆ తర్వాతే కాగితం డీన్ దగ్గరకు వెళ్లాలి, మీ జాబితాతో పాటు.

ఆరు నెలల తర్వాత మళ్లీ అడగండి. మార్కు ఒకటి రెండు చోట్ల తగ్గినా భయపడొద్దు. చెబితే వింటారని తెలిశాక జనం ఇంకొంచెం బాహాటంగా చెబుతారు. తగని పనులు, పిలుపులు, నిందించని వాతావరణం, ఈ మూడింటి అంకెలనే ముందు చూడండి.

ఒక విషయం మీ ఉత్తరంలో లేదు. ఫీమ్‌లో ఫీడ్‌బ్యాక్ గురించి రెండు వాక్యాలున్నాయి: సీనియర్ల నుంచి క్రమంగా ఫీడ్‌బ్యాక్ వస్తోందా, నా బలాలూ లోపాలూ చెబుతున్నారా అని. చదువు కోసం కేటాయించిన సమయం గురించి ఇంకొకటి ఉంది. బోధనకు 38 వచ్చినా ఈ మూడూ 2 కింద ఉండే అవకాశం ఉంది. షీట్ సరిచేశాక ఆ మూడు అంకెలూ, మొదటి ఏడాది వాళ్లవి విడిగా, నాకు రాసి పంపండి.